కొండను సంచిలో కాదు, ఫోటోలో తెచ్చుకోండి

గోదావరి జిల్లాల్లో విహారయాత్ర అనగానే ముందు గుర్తుకొచ్చేవి పాపికొండలు. లాంచీ మలుపు తిరిగేసరికి రెండువైపులా కొండలు దగ్గరకు జరుగుతాయి. రాజమహేంద్రవరం దగ్గర సముద్రంలా కనిపించే గోదావరి ఇక్కడ సన్నబడిపోతుంది. ఇంత దూరం వచ్చాక గుర్తుగా ఏదో ఒకటి ఇంటికి తేవాలని ఎవరికి ఉండదు?

కొందరు రాయి ఏరుకుంటారు, కొందరు మొక్క పీకుతారు. ఇది మంచి పని కాదు. పాపికొండల అడవి 2008లో జాతీయ పార్కు అయింది. అక్కడి మొక్కలను తీసుకురావడం చట్టం ఒప్పదు. పీకి తెచ్చిన మొక్క మన పెరట్లో బతుకుతుందన్న నమ్మకమూ లేదు. కొండరెడ్లు చేసిన వెదురు వస్తువులు కొనుక్కోండి. వారి పనితనానికి విలువ ఇచ్చినట్లవుతుంది. కొండను మాత్రం ఫోటోలో తెచ్చుకోండి.

అయితే మన ఫోటోల్లో కొండ ఎక్కడుంది? ముందు నలుగురి ముఖాలు, వెనుక ఒక పచ్చని మరక! మీ ముఖం రోజూ అద్దంలో కనిపించేదే కదా. ఒక్క ఫోటో అయినా కొండ కోసం తీయండి. సెల్‌ఫోను కటకం విశాలమైన దృశ్యాన్ని చిన్న చట్రంలో ఇముడుస్తుంది. అందుకే ఎత్తయిన కొండ కూడా పుట్టలా కనిపిస్తుంది. ఫోటోలో దూరంగా పోతున్న పడవ ఒకటి ఉంటే కొండ ఎంత పెద్దదో తెలుస్తుంది. దూరపు కొండలు నీలంగా వచ్చాయని విచారించకండి. మధ్యనున్న గాలి నీలికాంతిని ఎక్కువగా చెదరగొడుతుంది. ఆ నీలమే దూరాన్ని చెబుతుంది.

ఇదంతా అందం కోసమే కాదు. కొండలకు దిగువన పోలవరం ప్రాజెక్టు నిర్మాణం జరుగుతోంది. 2021 జూన్‌లో నదీ ప్రవాహాన్ని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. జలాశయం పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. ఆ మట్టానికి నీరు నిలిపిననాడు మీరు ఆడుకున్న ఇసుక తిన్నెలు, పక్కనున్న ఊళ్లు నీటి అడుగున ఉంటాయి. ఒడ్డు ఎక్కడ ఉండేదో చెప్పడానికి అప్పుడు మీ ఫోటో సాక్ష్యమవుతుంది. ఆల్ప్స్ పర్వతాల్లో హిమానీనదాలు ఎంత కరిగాయో శాస్త్రజ్ఞులు పాత ఫోటోల పక్కన కొత్తవి పెట్టి పోల్చి కూడా తెలుసుకున్నారు.

కానీ వివరాలు లేని ఫోటో సాక్ష్యానికి పనికిరాదు. ఫోనులో తేదీ ఉంటుందిలే అనుకోకండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అందులోని వివరాలు సాధారణంగా పోతాయి. కాబట్టి నాలుగు సంగతులు రాసిపెట్టండి: తేదీ, సమయం, నిలబడిన చోటు, చూసిన దిక్కు. వీలైతే అచ్చు వేయించి వెనుక రాయండి.

ఈసారి యాత్రకు పులిహోర పొట్లంతోపాటు చిన్న నోటుపుస్తకం, పెన్సిలూ సంచిలో పెట్టుకుంటారు కదూ!