రాత ఒకరిది, సంతకం ఇంకొకరిది

అమెరికాలో ఎంఎస్‌కు దరఖాస్తు చేసే విద్యార్థి తన ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) తానే రాసుకోవాలి. సిఫార్సు లేఖ కింద సంతకం పెట్టే అధ్యాపకుడు ఆ లేఖను తానే రాయాలి. ఇంత మామూలు మాటను సంపాదకీయంలో చెప్పాల్సి వచ్చిందంటేనే మన ఇంజనీరింగ్ విద్య ఎక్కడికి చేరిందో అర్థమవుతుంది.

జరుగుతున్న తంతు అందరికీ తెలిసిందే. బీటెక్ మూడో ఏడాది దాటగానే పిల్లలు అమీర్‌పేటలోనో, హిమాయత్‌నగర్‌లోనో, విజయవాడలోనో ఓ కన్సల్టెన్సీ మెట్లెక్కుతారు. అక్కడి కౌన్సెలర్ మార్కుల శాతం, బ్యాక్‌లాగులు, జీఆర్‌ఈ స్కోరు అడిగి ఓ ఫారం చేతికిస్తారు. ప్రాజెక్టు పేరేమిటి, హాబీలేమిటి, అమెరికాయే ఎందుకు... నాలుగు ముక్కలు నింపి ఇస్తే వారం తిరిగేసరికి రెండు పేజీల ఎస్‌ఓపీ సిద్ధం. చిన్నప్పుడు నాన్న కొనిచ్చిన కంప్యూటర్‌తో మొదలై ‘మీ ప్రతిష్ఠాత్మక విశ్వవిద్యాలయం’తో ముగుస్తుంది. పేరూ ఊరూ మారిస్తే పక్క కుర్చీలో కూర్చున్న కుర్రాడికీ అదే సరిపోతుంది. మూడు సిఫార్సు లేఖలూ అదే కంప్యూటర్‌లోంచి వస్తాయి. ఒకటి హెచ్‌ఓడీ పేరిట, ఒకటి ప్రాజెక్టు గైడ్ పేరిట, మూడోది ఏదో ఒక సబ్జెక్టు చెప్పిన సార్ పేరిట. మూడింట్లోనూ ఆ విద్యార్థి తరగతిలో మొదటి 5 శాతంలోనే ఉంటాడు. లెటర్‌హెడ్ మీద ప్రింటు తీసి స్టాఫ్‌రూమ్‌కు పట్టుకెళితే, సారు పైనుంచి కిందికి ఓసారి చూసి సంతకం గీకి, ఆఫీసులో స్టాంపు వేయించుకొమ్మంటారు.

అసలు ఆ లేఖకు విలువ ఎక్కడుందో చూడండి. అమెరికాలో 1974లో వచ్చిన ఫెర్పా చట్టం ప్రకారం, తన గురించి వెళ్లిన సిఫార్సు లేఖను చదివే హక్కు అక్కడ చేరిన విద్యార్థికి ఉంటుంది. ఆ హక్కును వదులుకుంటున్నారా అని దరఖాస్తులోనే అడుగుతారు. దాదాపు అందరూ ‘వదులుకుంటున్నాను’ అనే టిక్కు పెడతారు. విద్యార్థి చదవడన్న ధీమాతో గురువు ఉన్నదున్నట్టు రాస్తాడని, కాబట్టి నమ్మొచ్చని అడ్మిషన్ కమిటీ లెక్క. మన దగ్గర, చూడనని టిక్కు పెట్టిన లేఖను విద్యార్థే బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నాడు. విశ్వవిద్యాలయాలు లేఖ సమర్పించే లింకును నేరుగా అధ్యాపకుడి అధికారిక మెయిల్‌కు పంపడం మొదలుపెడితే, దానికీ విరుగుడు పుట్టింది. సారు పేరిట కొత్త మెయిల్ ఐడీ ఒకటి సృష్టిస్తారు, ఆ లింకును కన్సల్టెన్సీలో కూర్చున్న మనిషే తెరిచి నింపేస్తాడు. దీన్ని సాయం అనడానికి నోరెలా వస్తుంది? ఇది ఫోర్జరీ.

అధ్యాపకుల బాధా ఉంది, కాదనలేం. సెక్షన్‌కు అరవై మంది, చాలీచాలని జీతం, అదీ నెలనెలా వస్తుందన్న నమ్మకం లేని ప్రైవేటు కాలేజీలు. ఒక్కో విద్యార్థి ఎనిమిది పది విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేస్తే పోర్టల్ లింకులు కుప్పలుగా వచ్చి పడతాయి. అయినా సరే, తెలియని విద్యార్థికి ‘నీ గురించి నాకు తెలియదు, రాయలేను’ అని చెప్పే స్వేచ్ఛ ఏ గురువుకైనా ఉంది. ఆ ఒక్క మాట అనకుండా సంతకం పెట్టే ప్రతి చేయీ, నిజంగా చదివిన పిల్లాడి లేఖ విలువనూ తగ్గిస్తోంది. ఒకే కాలేజీ నుంచి ఒకే అచ్చులో పది లేఖలు చూసిన కమిటీ పదకొండో లేఖను ఎందుకు నమ్మాలి?

ఇంకాస్త లోతుకు వెళితే, ఎస్‌ఓపీ సొంతంగా రాయలేకపోవడానికి కారణం ఇంగ్లిష్ రాకపోవడం కాదు. రాయడానికి సరుకు లేకపోవడం. మంచి ఎస్‌ఓపీలో ఉండేది నీ ప్రాజెక్టులో ఏం ఎదురుతిరిగింది, దాన్ని ఎలా దారికి తెచ్చావు, తేలకుండా మిగిలిన ప్రశ్నేమిటి, దాని మీద ఆ విభాగంలో ఎవరు పనిచేస్తున్నారు అన్న సంగతులే. మన దగ్గర ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు బజారులో దొరుకుతుంది. కోడ్, రిపోర్టు, పీపీటీ, వైవాలో చెప్పాల్సిన జవాబులు అన్నీ కలిపి ఒక ప్యాకేజీ. కొన్న ప్రాజెక్టులో ఎదురుతిరిగిందేమిటో కొన్నవాడికేం తెలుసు? అందుకే ఎస్‌ఓపీ కూడా కొనాల్సిందే. ఇప్పుడు ఆ పనిని చాట్‌జీపీటీ ఉచితంగా చేసిపెడుతోంది కాబట్టి ఖర్చు తగ్గిందేమో కానీ, సరుకు మాత్రం రాలేదు.

‘సర్వీస్ చార్జీలు లేవు’ అనే బోర్డు చూసి మురిసిపోయే తల్లిదండ్రులు ఒక లెక్క తెలుసుకోవాలి. కన్సల్టెన్సీకి విశ్వవిద్యాలయం కమీషన్ ఇస్తుంది. అందువల్ల మీ అబ్బాయికి సరిపోయే కాలేజీ కంటే కమీషన్ ఇచ్చే కాలేజీ జాబితాలో పైకి వస్తుంది. తమాషా ఏమిటంటే, తలకింత అని కమీషన్ తీసుకుని విద్యార్థులను చేర్పించడాన్ని ఫెడరల్ సాయం పొందే విద్యాసంస్థలకు అమెరికా 1992లోనే చట్టం ద్వారా నిషేధించింది. అయితే ఆ సాయానికి అర్హత లేని, విదేశాల్లో ఉండే విద్యార్థుల విషయంలో మినహాయింపు ఇచ్చింది. సొంత పిల్లలకు చెడు చేస్తుందనుకున్న పద్ధతిని పరాయి పిల్లల మీదికి వదిలేశారన్నమాట. ఆ పరాయి పిల్లల్లో మనవాళ్ల వాటా చిన్నది కాదు. 2023–24లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వారిలో 1,96,567 మంది పీజీ, పీహెచ్‌డీ స్థాయివారే. చదువయ్యాక ఉద్యోగం, హెచ్1బీ మీద ఇప్పుడున్నంత అయోమయం ఎన్నడూ లేదు. అయినా కమీషన్‌కు మాత్రం ఢోకా లేదు.

ఎవరో చెప్పిన కాలేజీకి, ఎవరో రాసిన కాగితాలతో వెళితే ఏమవుతుందో తెలుగువారికి కొత్తగా చెప్పక్కర్లేదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయంపై వీసా మోసం ఆరోపణలతో అధికారుల దాడులు జరిగినప్పుడు చిక్కుల్లో పడ్డవారిలో అత్యధికులు మన పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు బిగించిన ఫొటోలు చూసి ఇక్కడ తల్లులు ఏడ్చారు. 2019లో ఫార్మింగ్టన్ పేరిట అమెరికా అధికారులే నడిపిన బూటకపు విశ్వవిద్యాలయం వ్యవహారం బయటపడింది. అక్కడ తరగతులే లేవు. మధ్యవర్తుల మాట మీద, అప్పటికే అమెరికాలో ఉన్న సుమారు 600 మంది అందులో పేరు నమోదు చేసుకున్నారు. వీసా దరఖాస్తు డీఎస్-160లోనే ‘దీన్ని నింపడంలో ఎవరైనా సాయపడ్డారా’ అన్న ప్రశ్న ఉంటుంది. కన్సల్టెన్సీవాడే నింపి, దానికీ ‘లేదు’ అని తానే కొట్టేస్తాడు. ఆఖర్న సంతకం మాత్రం విద్యార్థిదే. తప్పుడు పత్రాలతో వీసా పొందాలని చూసినట్టు తేలితే అమెరికా ప్రవేశానికి జీవితకాల అనర్హత. ఆ శిక్ష కన్సల్టెన్సీకి పడదు.

‘నంద్యాల నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చిన మొదటితరం విద్యార్థికి కన్సల్టెన్సీ కాక వేరే దిక్కేది?’ అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఆ విద్యార్థి చదివే కాలేజీలోనే ఉండాలి. ఈ పనిలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్‌కు మంచి విభాగాల గడువులు డిసెంబరు, జనవరిల్లో ముగుస్తాయి. అంటే మూడో ఏడాది వేసవిలోనే ఓ ఎక్సెల్ షీటు తెరవాలి. ఒక్కో వరుసలో ఒక్కో విశ్వవిద్యాలయం: గడువు, ఫీజు, జీఆర్‌ఈ కావాలా అక్కర్లేదా, ఎన్ని లేఖలు, స్కాన్ చేసిన మెమోలు చాలునా లేక సీల్డ్ కవర్లో ట్రాన్‌స్క్రిప్టులు పంపాలా. జీఆర్‌ఈ స్కోరు అయిదేళ్లు, టోఫెల్ రెండేళ్లు చెల్లుతాయి. జీఆర్‌ఈ రాసిన రోజే నాలుగు చోట్లకు స్కోరు ఉచితంగా పంపొచ్చు. ఇది తెలియక ఆ నాలుగూ వదిలేసి, తర్వాత డబ్బు కట్టేవారు ఎందరో. ఆర్థిక సాయంతో ఆఫర్ వస్తే, అమెరికా గ్రాడ్యుయేట్ స్కూళ్ల ఉమ్మడి తీర్మానంపై సంతకం చేసిన విశ్వవిద్యాలయాలు ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకునే వ్యవధి ఇస్తాయి. ‘రెండ్రోజుల్లో డిపాజిట్ కట్టకపోతే సీటు పోతుంది’ అని బెదిరించేవాడు ఈ సంగతి చెప్పడు. అమెరికా విదేశాంగ శాఖ ఆధ్వర్యంలోని ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ సలహాదారులు గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయాల వివరాలు ఉచితంగానే చెబుతారు. కాలేజీలు వారిని పిలిపించి ఒక్క పూట మాట్లాడించినా సగం భయం పోతుంది. ప్లేస్‌మెంట్ సెల్‌కు గదులు, బోర్డులు, ఫ్లెక్సీలు ఉన్నాయి. ఉన్నత విద్యకు ఒక బల్ల కూడా లేదు.

మన విశ్వవిద్యాలయాలు కూడా తప్పించుకోలేవు. ట్రాన్‌స్క్రిప్టుల కోసం అనంతపురం, కాకినాడ, కూకట్‌పల్లి చుట్టూ తిరగాల్సి వస్తే, ఆ తిరుగుడు తప్పిస్తామనే ఏజెంటు దేవుడిలా కనబడక ఏమవుతాడు? ఇన్ని రోజుల్లో పంపుతామని జేఎన్‌టీయూలు గడువు ప్రకటించి, దాటితే బాధ్యుడెవరో చెప్పాలి. అధ్యాపకులందరికీ కాలేజీ పేరుతో మెయిల్ ఉండాలి, సిఫార్సు లేఖ రాయడాన్ని వారి పనిగంటల్లో లెక్కించాలి. బయట కొన్న ప్రాజెక్టుకు వైవాలో మార్కులు వేసే ఎగ్జామినర్‌ను నిలదీయాలి.

ఇక ప్రభుత్వాలు. ట్రావెల్ ఏజెంట్లు, వీసా కన్సల్టెంట్లు లైసెన్సు తీసుకోవాలని పంజాబ్ 2012లోనే చట్టం చేసింది. అయినా 2023లో కెనడా నకిలీ అడ్మిషన్ లెటర్ల బాగోతం అదే రాష్ట్రంలోని జలంధర్ కేంద్రంగా సాగినట్టు తేలింది. కాబట్టి లైసెన్సు కాగితం ఒక్కటే చాలదు. ఏ విశ్వవిద్యాలయం నుంచి ఎంత కమీషన్ వస్తుందో విద్యార్థికి రాతపూర్వకంగా చెప్పి తీరాలన్న నిబంధన రెండు తెలుగు రాష్ట్రాలూ తేవాలి. అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద తెలంగాణ ఒక్కో విద్యార్థికి 20 లక్షల రూపాయల వరకు ఇస్తోంది. అంత సొమ్ము ఇచ్చే ప్రభుత్వం, ఆ విద్యార్థి విశ్వవిద్యాలయాన్ని ఎంచుకునే దశలో మంచి సలహాదారును పెట్టడానికి వెనకాడటంలో అర్థం లేదు.

డిసెంబరు గడువులున్న దరఖాస్తులకు సిఫార్సు లింకులు అక్టోబరు నుంచే అధ్యాపకుల మెయిళ్లకు రావడం మొదలవుతుంది. విద్యార్థి రాసి తెచ్చిన లేఖ మీద సంతకం పెట్టకూడదని, అధ్యాపకుడి పేరిట ఇంకెవరూ లింకు తెరవకూడదని, తెరిస్తే కాలేజీ యాజమాన్యమే జవాబుదారీ అని ఆ లోపే రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు ఉత్తర్వులివ్వాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, కమిటీ వేయక్కర్లేదు.