తీసుకోని అప్పుకు నేనెందుకు రుజువు చూపాలి?

"ఈ అప్పు మీరు తీసుకోలేదనడానికి రుజువేంటండీ?"

అమ్మాయి చదువుకు లోను అడగబోతే బ్యాంకు కౌంటర్ అవతలి నుంచి వచ్చిన ప్రశ్న ఇది. నా సిబిల్ రిపోర్టులో పద్దెనిమిది వేల అప్పు ఉంది, మూడు ఈఎంఐలు బాకీ. ఆ కంపెనీ పేరు నేనెన్నడూ వినలేదు. ఫోను నంబరు నాది కాదు, అడ్రసు నాది కాదు, పాన్ ఒక్కటే నాది. ఫిర్యాదు చేస్తానంటే ముందు అడిగినవి పాన్, ఆధార్ జిరాక్సులు! ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడగడమంటే ఇదే.

మా తాతల నాడు అప్పు పుట్టాలంటే ప్రోనోటు రాసి, రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద సంతకం పెట్టాలి. ఇచ్చేవాడు మనిషిని చూసి, ఇంటిపేరు అడిగి, పొలం ఎక్కడుందో తెలుసుకుని ఇచ్చేవాడు. ఇప్పుడు యాప్ ఐదు నిమిషాల్లో ఇచ్చేస్తోంది, ఎవరికిస్తోందో చూసుకోవడం లేదు. మొహం చూడకుండా డబ్బు పారేసుకున్నది వాడు, మోసపోయింది వాడు. దానికి "మీ గుర్తింపు చోరీ అయింది" అని పేరు పెట్టి వాడి నష్టాన్ని నా నెత్తిన రుద్దుతున్నారు. 2022లో హిందీ నటుడు రాజ్‌కుమార్ రావ్ తన పాన్ మీద ఎవరో 2,500 రూపాయల అప్పు తీసుకున్నారని, తన సిబిల్ స్కోరు దెబ్బతిందని బయటపెట్టారు. దేశమంతా ఎరిగిన మొహాన్నే పోల్చుకోనివాళ్ళు మిమ్మల్నీ నన్నూ పోల్చుకుంటారా?

పైగా నీతులు: "జాగ్రత్తగా ఉండొద్దా?" 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి పట్టుబడ్డాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని భూమి దస్తావేజుల నుంచి జనం వేలిముద్రలు దించుకుని, రబ్బరు ముద్రలు చేయించి, వాటితో సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. పొలం రాయించుకోవడానికి వేలికి సిరా పూసుకున్న మనిషి ఎక్కడ అజాగ్రత్తగా ఉన్నాడు? ఆ వేలిముద్రను నలుగురిలో పరిచింది సర్కారు. పాస్‌వర్డయితే మార్చుకుంటాం. బొటనవేలిని ఎలా మార్చుకుంటాం?

2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం, జిరాక్సులు ఎవరికిపడితే వాళ్ళకు ఇవ్వొద్దని హెచ్చరించింది. రెండు రోజులకే కేంద్రం ఆ మాట వెనక్కి తీసుకుంది. నేను మాత్రం తీసుకోలేదు. జిరాక్సు ఇవ్వక తప్పకపోతే దాని మీద అడ్డంగా, అక్షరాలు ఫోటో మీదుగా పోయేలా "ఫలానా పనికి మాత్రమే" అని రాసి, తేదీ వేసి, సంతకం పెడుతున్నాను. వీలైనచోట చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తున్నాను. వేలిముద్రలను ఆధార్ యాప్‌లో లాక్ చేసి, అవసరమైనప్పుడే తీస్తున్నాను. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికి ఒక్కో రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున తెప్పించుకుంటే ఏడాదంతా కాపలా ఉన్నట్టే. ఖాతాలో డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి.

ఇవన్నీ చేయండి. కానీ నేరం మనదని మాత్రం ఒప్పుకోకండి. తప్పు ఖాతాదారుడిదీ బ్యాంకుదీ కానప్పుడు మూడు పనిదినాల్లో చెబితే నష్టం ఖాతాదారుడిది కాదని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. రుజువు చేయాల్సిన బాధ్యత కూడా బ్యాంకు మీదే పెట్టింది. ఖాతాలో సొమ్ముకు వర్తించిన న్యాయం నా పేరు మీద పుట్టిన అప్పుకు ఎందుకు వర్తించదు? రిపోర్టులో తప్పు 30 రోజుల్లో దిద్దకపోతే రోజుకు 100 రూపాయలు ఇవ్వాలట. పోయిన కాలేజీ సీటు ఆ వందతో తిరిగొస్తుందా? అమెరికాలో 2018 నుంచి ఎవరైనా పైసా కట్టకుండా తమ క్రెడిట్ రిపోర్టుకు తాళం వేసుకోవచ్చు, అది చట్టమిచ్చిన హక్కు. నా పేరుకు తాళం వేసుకునే ఆ హక్కు నాకూ కావాలి.

ఆ రోజు కౌంటర్ దగ్గర తలొంచుకుని జిరాక్సులిచ్చాను. ఇంకోసారి అలా ఇవ్వను. "నేను తీసుకున్నాననడానికి మీ దగ్గరున్న రుజువు చూపండి" అంటాను, చూపేదాకా అక్కడే నిలబడతాను. మీరూ నిలబడండి.