రక్తం టానిక్ పట్టే ముందు

గత నెల కోడుమూరులో ఒక ఇంటికి పరామర్శకు వెళ్ళాము. ఏడేళ్ళ పాపకు లింఫోబ్లాస్టిక్ లుకేమియా. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. కర్నూలులో కీమోథెరపీ జరుగుతోంది. మంచం పక్క కిటికీలో మూడు సీసాలున్నాయి: రక్తం పట్టడానికి టానిక్, విటమిన్ మాత్రలు, కలోంజి నూనె. "బిడ్డ ఇంతగా పాలిపోయింది, బలానికి ఏదో ఒకటి ఇవ్వొద్దా బేటా?" అన్నారు దాదీ. ఈ సీసాల సంగతి డాక్టరుకు చెప్పారా అని అడిగాము. ఎవరూ మాట్లాడలేదు.

శరీరం ఆక్సిజన్‌ను వాడుకునేటప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు పుడతాయి. అవి హద్దు మీరితే కణాల పొరలనూ, డీఎన్ఏనూ దెబ్బతీస్తాయి. వాటిని అణచేందుకు అల్లాహ్ మన కణాలలోనే గ్లూటాథయోన్, కాటలేజ్ వంటి కాపలాదారులను ఉంచాడు. లుకేమియా సోకిన పిల్లల్లో ఈ తూకం చెడుతుంది. డాక్సోరుబిసిన్ వంటి మందులు కూడా ఫ్రీ రాడికల్స్‌ను పుట్టిస్తాయి. గుండెకు వాటివల్ల ముప్పు ఉండేది అందుకే. అయితే యాంటీఆక్సిడెంట్ మాత్రలు వేస్తే మేలే కదా అనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ మాత్ర మంచి కణాన్ని మాత్రమే కాపాడి, క్యాన్సర్ కణాన్ని వదిలేస్తుందన్న హామీ లేదు.

టానిక్ విషయం ఇంకా స్పష్టం. 1940లలో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్లానికి చెందిన పదార్థాలు ఇచ్చి చూస్తే వ్యాధి మరింత వేగం పుంజుకుంది. అప్పుడాయన దానికి విరుగుడుగా పనిచేసే అమినాప్టెరిన్‌ను ప్రయోగించారు. దాన్ని అందించింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. 1948లో ఫార్బర్ వెల్లడించిన ఫలితాలలో 16 మంది పిల్లలకుగాను 10 మందికి కొంతకాలం పాటు గుణం కనిపించింది. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ ఈ వ్యాధికి ఇస్తున్నారు. రక్తం టానిక్‌లలో సాధారణంగా ఉండేది ఆ ఫోలిక్ ఆమ్లమే, దానితోపాటు ఇనుము. ఈ పిల్లలు పాలిపోయేది ఇనుము చాలక కాదు, ఎముక మజ్జను క్యాన్సర్ కణాలు ఆక్రమించడం వల్ల. పైగా పదేపదే రక్తం ఎక్కించిన ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది. అదనపు ఇనుము ఫ్రీ రాడికల్స్‌ను ఇంకా పెంచుతుంది. ప్రేమతో పట్టిన చెంచాడు మందు ఎటు పనిచేస్తుందో చూడండి.

కలోంజి గురించిన హదీసు మనకు తెలుసు, దానిపై మన విశ్వాసం అలాగే ఉండాలి. వైద్యం చేయించుకోమని ఆదేశించిందీ అదే దైవప్రవక్త (సల్లం). చికిత్స చేస్తున్నవారి దగ్గర ఏదీ దాచకపోవడం ఆ వైద్యంలో భాగమే కదా!

"మరి ఏం పెట్టమంటారు?" అన్నారు దాదీ. ఆహారం వేరు, మాత్ర వేరు. లుకేమియా పిల్లలపై అమెరికాలో జరిగి 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో, తిండి ద్వారా విటమిన్ సి, ఇ వంటివి తక్కువగా అందిన పిల్లలకే కీమో దుష్ఫలితాలు ఎక్కువగా కనిపించాయి. కనుక అప్పుడే కాల్చిన జొన్నరొట్టె, బాగా ఉడికిన ఆకుకూర పప్పు, కడిగి తొక్క తీసిన పండు పెట్టవచ్చు. బూజు వాసన వచ్చే వేరుశనగ మాత్రం వద్దు. రక్తకణాలు బాగా పడిపోయిన రోజుల్లో ఏది మానాలో ఆసుపత్రిలోనే అడగాలి.

మేము లేచేసరికి దాదీ ఆ మూడు సీసాలనూ కాగితంలో చుట్టి, ఆసుపత్రి ఫైలున్న సంచిలో పెట్టారు.