అటకమీది బల్ల

"పాత యొక రోత, క్రొత్త యొక వింత" యని లోకోక్తి. నేడు పట్టణములలో ఈ లోకోక్తి తలక్రిందులైనది. కలిగినవారి యిండ్లలో పాతదియే వింతయైనది. కూర్చుండు గది నడుమ, సోఫాల ముందు, మోకాలి యెత్తున నుండు పాత కొయ్యబల్లను వేయుట గౌరవచిహ్నమైనది. అట్టి బల్లకై వేలకొలది రూపాయలు వెచ్చించువారు కలరు. అదే కాలమున పల్లెలలో అటువంటి బల్లలే అటకలమీద దుమ్ము పట్టి పడియున్నవి. కొన్ని వంటచెరకు క్రింద పోవుచున్నవి. కొన్ని పాతసామానుల వర్తకునకు కారుచౌకగా చేరుచున్నవి. ఒకచోట రోతయై, మరియొకచోట వింతయైన యీ వస్తువును ఏ దృష్టితో చూడవలెనో, ఎట్లు ఎన్నుకొనవలెనో విచారింపదగియున్నది.

తెలుగువారి పాత యిల్లు నేలపై కూర్చుండి బ్రదికిన యిల్లు. భోజనమునకు పీట, పెండ్లికి పెండ్లిపీట, కూర తరుగుటకు కత్తిపీట, దీపమో చెంబో పెట్టుటకు ముక్కాలిపీట యుండెడివి. వ్రాయువానికి ఏటవాలు మూతగల పొట్టిబల్ల యుండెడిది. మూత యెత్తినచో లోపల కాగితములు, కలము, సిరాబుడ్డి. గ్రామకరణము లెక్కలు వ్రాసినను, దుకాణములో గుమాస్తా చిట్టా వ్రాసినను, చాపపై కాళ్లు మడచుకొని కూర్చుండి అట్టి బల్లమీదనే వ్రాసెడివారు. దాని యెత్తును నిర్ణయించినది అలంకారము కాదు. కూర్చున్న మనుష్యుని మోచేయి. తరువాత కుర్చీలు వచ్చినవి, ఎత్తుబల్లలు వచ్చినవి. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణము, మునసబు పదవులును రద్దయినవి. పని తప్పిన పొట్టిబల్లలు అటక యెక్కినవి.

ఇట్టి బల్లను కొనదలచినవాడు మొట్టమొదట దానిని తలక్రిందులు చేసి చూడవలెను. పైభాగమును ఎవరైనను మెరుగుపెట్టగలరు. అడుగుభాగము అంత సులభముగా అబద్ధమాడదు. పూర్వపు వడ్రంగి కనబడని భాగమును నునుపు చేయుటకు శ్రమపడెడివాడు కాడు. అందుచే రంపపు గీతలు, ఉలి దెబ్బలు అక్కడ నిలిచియుండును. చేతితో చిత్రిక పట్టిన పలకను వ్రేళ్లతో తడిమినచో సన్నని అలలు తగులును. సొరుగు నూడదీసి మూలలు చూచినచో, చేతితో కోసిన అతుకుల పళ్లు ఒకదానికొకటి రవంత తేడాగా నుండును. యంత్రము కోసినవి అచ్చుగ్రుద్దినట్లు సమానముగా నుండును. అడుగున ప్లైవుడ్డు కనబడినచో, బల్ల మిక్కిలి పురాతనమను మాటను అనుమానింపవలసినదే.

గుండ్రని బల్లకు మరియొక పరీక్ష కలదు. ఎండినకొలది కొయ్య నారకు అడ్డముగా కుదించుకొనును. నార వెంబడి కుదించుకొనుట అత్యల్పము. కావున చాలకాలము క్రింద గుండ్రముగా కోసిన పలక సాధారణముగా రవంత కోలగా మారియుండును. నార వెంబడి ఒకమారు, అడ్డముగా ఒకమారు కొలిచి చూచినచో ఆ తేడా తెలియును. ఇందుకు పాండిత్యమక్కరలేదు, కొలబద్ద చాలును.

పాతవానికి గిరాకి పెరిగినకొలది పాతవానివలె నటించు క్రొత్తవి పుట్టుట సహజము. క్రొత్త కొయ్యకు ముదురురంగు పూసి, గొలుసుతో కొట్టి, మేకుతో పొడిచి, పురుగు తిన్నట్లు చేయువారున్నారు. అయితే నిజమైన అరుగుదలకు ఒక కారణముండును. చేయి ఆనినచోట అంచు నునుపెక్కును. నేలపై ఈడ్చుటచే కాళ్ల అడుగులు అరుగును. సిరాబుడ్డి పెట్టినచోట మరక నిలుచును. కారణము లేకుండ అన్ని వైపుల సమానముగా గాయపడిన బల్లను నమ్మరాదు.

వయస్సు తేలిన పిమ్మట ఆరోగ్యమును చూడవలెను. కొయ్యకు ప్రాణము చేవ. ఆదిలాబాదు అడవుల టేకైనను, గోదావరి మన్యపు టేకైనను, చేవగల భాగమైనచో చెదలను చాలవరకు ఎదిరించును; చేవ చుట్టునుండు తెల్లకొయ్యకు ఆ శక్తి లేదు. జిట్టేగి బరువుగలది, దృఢమైనది. వీణకు పనికివచ్చు పనస, పీటలకును పనికివచ్చును. ఏ కొయ్యయైనను, బల్లను తట్టినపుడు రంధ్రములనుండి మెత్తని పిండి రాలినచో లోపల పురుగు ఇంకను బ్రతికియున్నదని యెంచవలెను. అట్టి బల్ల తాను చెడుటయే కాక ఇంటిలోని తక్కిన కొయ్యసామానునకును అపాయము తెచ్చును. కదలు కాలిని చూచి మాత్రము వెరవనక్కరలేదు. వదులైన అతుకును ఊడదీసి జిగురుపెట్టి బిగించుట మంచి వడ్రంగికి పూటపని.

బాగుచేయునపుడు కొందరు గరుకు కాగితముతో పైపొర అంతయు రాచివేసి, బల్లను తళతళలాడింతురు. ఇది గొప్ప నష్టము. అనేక చేతులు తాకగా ఏర్పడిన నిగ్గు ఒక్క గంటలో పోవును. మరల అది వచ్చుటకు మరియొక తరము పట్టును. మెత్తని గుడ్డతో తుడిచి, అవసరమైనచోట స్పిరిటులో కరగించిన లక్కను పలుచగా పూసిన చాలును. లక్కపూతపై వేడిగిన్నె పెట్టినచో తెల్లని మచ్చ పడును గనుక ఆ జాగ్రత్త మాత్రము వలయును.

కొనుటలో ధర్మమును కలదు. ఇటీవల పాత తలుపులను కోసి, పైన అద్దము వేసి, పొట్టిబల్లలుగా అమ్ముచున్నారు. కూలిన యింటి తలుపు మరియొక యింట బల్లయగుట తప్పుకాదు. అమ్మువాడు ఆ సంగతి దాచకున్న చాలును. కాని గుడి రథమునుండియో మండపమునుండియో ఊడదీసిన చెక్కడమును బల్లకు బిగించి యింట పెట్టుకొనుట దొంగసొమ్మును అనుభవించుటయే. 1972 నాటి పురావస్తువుల చట్టము నూరేండ్లు నిండిన కళాఖండములను పురావస్తువులుగా గుర్తించి, ప్రజలు వానిని విదేశములకు పంపుటను నిషేధించినది. 2017 నుండి జిట్టేగి కలప విదేశవ్యాపారమును అంతర్జాతీయ నియంత్రణకు లోబడినది. కావున వస్తువు ఎచటనుండి వచ్చినదని అడుగుట కొనువాని విధి.

పాతబల్ల దేనికని ఆక్షేపించువారు లేకపోలేదు. మోకాళ్ల నొప్పిగల వృద్ధులకు నేలమీది కూర్పు కష్టమనుట నిజము. వారికి కుర్చీయే మేలు. కాని ఒక్క గదిలో కాపురముండు కుటుంబములు నేటికిని ఎన్నియో కలవు. అట్టి యింట చదువుకొను పిల్లవానికి ప్రత్యేకమైన గది యెక్కడిది? ఎత్తుబల్ల, కుర్చీ వేయుటకు చోటెక్కడిది? నేలపై పుస్తకము పెట్టి, వీపు వంచి, గంటలకొలది వ్రాయుచుండును. అటకమీది పొట్టిబల్లను దింపి ముందు పెట్టినచో, చాపయంత చోటే వానికి చదువుగదియగును. పుస్తకములు మూతక్రింద భద్రముగా నుండును. రాత్రి దానిని గోడకు చేర్చినచో పడకకు చోటు మిగులును. పట్టణపు ధనికుడు వేలు పోసి కొనుచున్న వస్తువు తమ యింటనే యున్నదని యెరుగక, దానిని పొయ్యిలో పెట్టు కుటుంబము రెండు విధముల నష్టపోవుచున్నది.

కావున అంగడికి పోవుటకు ముందు అటక వెదకుట మంచిది. అచ్చట దొరకనిచో కొనవచ్చును. కొనునపుడు వయస్సును కాక పనితనమును, మెరుగును కాక చేవను చూచి కొనవలెను. తెచ్చిన పిమ్మట దానిపై వ్రాయవలెను, చదువవలెను, నలుగురు చుట్టు కూర్చుండి ఫలహారము చేయవలెను. ఆ వడ్రంగి దానిని చేసినది చూచుటకు కాదు, వాడుటకు. ఏ బల్లమీద ఇంటివారి చేయి ప్రతిదినము ఆనునో, ఆ బల్లయే ఆ యింటికి తగిన బల్ల.