ఆరోగ్య విషయములు: ప్రేగులు పంపు వార్తలు

అన్నము చిన్నప్రేగునకు చేరిన సంగతి క్లోమమునకెట్లు తెలియును? అంతయు నాడుల పనియేయని వైద్యులు పూర్వము తలంచుచుండిరి. 1902 లో లండను యూనివర్సిటీ కాలేజీయందు బేలిస్, స్టార్లింగ్ అను నిరువురు శాస్త్రజ్ఞులు ఒక కుక్క ప్రేగునకుగల నాడులను తెంచివేసి, ఆ ప్రేగులో ఆమ్లమును పోసిరి. అయినను క్లోమరసము స్రవించెను. కావున వార్త రక్తమార్గముననే పోయినదని వారు గ్రహించి, ఆ వార్తాహరునకు సెక్రిటిన్ అని పేరిడిరి. ఇట్టివానిని స్టార్లింగ్ 1905 లో హార్మోనులనెను.

ఈ వార్తాహరులనే నేడు వైద్యులు మందులుగా మలచుచున్నారు. వ్యాధివలన చిన్నప్రేగులో చాల భాగమును కోసివేయవలసి వచ్చినవారు కలరు. వారెంత తినినను సారము ఒంటబట్టదు. అనేకులకు రక్తనాళముద్వారా ఆహారమెక్కింపవలసియుండును. ప్రేగు లోపొరను పెంచు జీఎల్‌పీ-2 అను హార్మోను మన ప్రేగులలోనే పుట్టుచున్నను, కొలది నిమిషములలోనే నశించును. అందలి యొక్క అమినో ఆమ్లమును మార్చి, ఎక్కువసేపు నిలుచునట్లు చేసినదే టెడూగ్లుటైడ్ అను సూదిమందు. 2012 లో అమెరికాయందును ఐరోపాయందును దీనికి అనుమతి లభించినది. దీనివలన కొందరికి ఎక్కించు ఆహారము తగ్గినది. కొందరికి దాని యక్కరయే తీరినది.

అయితే ప్రేగును పెంచు మందు ప్రేగులోని చెడ్డ కండమొలకలను గూడ పెంచవచ్చును. అందుచే దీనిని ప్రారంభించుటకు ముందు పెద్దప్రేగును గొట్టముతో పరీక్షింతురు.

జీఎల్‌పీ-2 పుట్టు కణములనుండియే జీఎల్‌పీ-1 అను హార్మోనును పుట్టును. దానిననుసరించి చేసిన సెమాగ్లుటైడ్ మొదలగు మందులను మధుమేహమునకును స్థూలకాయమునకును వాడుచున్నారు. ఇవి ఆకలిని తగ్గించును. జఠరము ఖాళీయగుటను మందగింపజేయును. కొందరికి వికారము, వాంతులు, మలబద్ధము కలుగును. ఉపవాసముండినను కడుపులో ఆహారము మిగిలియుండవచ్చును. మత్తుమందిచ్చునపుడు అది పైకి వచ్చి ఊపిరితిత్తులలో బడిన ప్రాణాపాయము. కనుక శస్త్రచికిత్సకు ముందు ఈ మందు వాడుచున్నట్లు వైద్యునకు తప్పక చెప్పవలెను.

సోదరీమణులారా, సన్నబడుటకని పొరుగింటివారి సూదిమందును తెప్పించుకొనుట, ఇంటివారికి సైతము చెప్పక వాడుట మంచిది కాదని మా మనవి. అట్లే కడుపుబాధను నెలలతరబడి ఓర్చుకొనుట గృహిణీధర్మమనియు తలంపవలదు. అందరకు వడ్డించి కడపట కూర్చుండు తల్లి, తన కడుపు చెప్పు మాటను గూడ వినవలెను. విని, వైద్యునకు దాచక చెప్పవలెను.