తిరగని బండి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. నేను ఇల్లూ కట్టాను, చెల్లెలి పెళ్ళీ చేశాను, రెండింటి అప్పులూ తీర్చాను. ఇంక నాకు తెలియని కష్టం లేదనుకున్నాను. కాని ఆ ఇంటికి చక్రాలుండి, అది ఎవరో వాడి అమ్మినదై, పైగా అమెరికాలో ఉంటే, దాన్ని కొనబోవడం ఎట్లాంటిదో మన పెద్దలకు తట్టలేదు. ఆ ముచ్చట కాస్తా నాకు 2024 వేసవి సెలవుల్లో తీరింది.

మా అక్కయ్యా, బావగారూ ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్నారు. బావగారు ఇంజనీరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ "రిటైరయ్యాక చూద్దాంలే" అన్నమాట ఆయనకు తారకమంత్రం. ఎల్లోస్టోన్ పార్కు చూడాలి - రిటైరయ్యాక. గ్రాండ్ కాన్యన్ చూడాలి - రిటైరయ్యాక. పిల్లలు చదువుకున్నారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, చెరో ఊరూ వెళ్ళారు. ఆయన రిటైరయ్యారు. అయిన ఆరునెలలకే గుండెలో రెండు స్టెంట్లు వేశారు.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాటినుంచీ బావగారు దేశపటాలు ముందేసుకుని కూర్చున్నారుట. మోటారుహోము కొంటానన్నారు. అక్కయ్య వద్దన్నది. "ఎక్కడో అడవి మధ్య ఈయనకేమన్నా అయితే నేనేం చెయ్యనురా?" అని నాకు ఫోనులో చెప్పుకుంది. "మీ అక్కయ్యకు నువ్వన్నా నచ్చచెప్పవోయ్" అని ఆయన అదే ఫోను లాక్కుని చెప్పారు. ఇద్దరికీ తలూపిన ప్లీడరులా నేను విమానమెక్కాను.

మోటారుహోమంటే ఏమిటో చెబుతాను. మన సినిమా తారలు షూటింగుల దగ్గర విశ్రాంతి తీసుకునే కారవాన్ చూసి ఉంటారు గదా, దాని బంధువే. ముందు ఇంజనూ, డ్రైవరు కుర్చీ. వెనక మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది. గ్యాసుబండ, కరెంటు పుట్టించే జనరేటరు కూడా అందులోనే. మా కాలేజీ సెక్షన్లలాగా వీటిలోనూ ఏ, బీ, సీ అని మూడు తరగతులున్నాయి. ఏ అంటే బస్సంత. బీ అంటే వ్యానంత. సీ నడిమి రకం. డ్రైవరు నెత్తిమీద అటకలాగా ఒక పడక ఉంటుంది. ఇండియానా రాష్ట్రంలో ఎల్‌ఖార్ట్ అనే ఊరు ఈ బళ్ళ తయారీకి పెట్టింది పేరు. అయోవాలోని విన్నెబాగో కంపెనీ 1966లో ఇవి కట్టడం మొదలుపెట్టిన తరువాత మధ్యతరగతివాళ్ళకు కూడా ఇవి అందుబాటులోకి వచ్చాయి. తాగుడు మాత్రం జాస్తి. గాలను పెట్రోలుకు ఎనిమిదీ పదీ మైళ్ళు నడిస్తే మర్యాదగా నడిచినట్టే.

నేను వెళ్ళిన మూడోనాడు బావగారు కంప్యూటరు ముందునుంచి కేకపెట్టారు. "ఇటు రావోయ్! 2008 మోడలు, సీ తరగతి. తిరిగింది ఎంతో తెలుసా? 9,600 మైళ్ళు! ఇది కొత్తదాని కింద లెక్క!"

నేను కూడా పొంగిపోయాను. పదహారేళ్ళకు 9,600 మైళ్ళంటే ఏడాదికి 600. కిలోమీటర్లలో వెయ్యి లోపు. నా స్కూటరు ఒక్క కాలేజీకే అంతకు రెట్టింపు తిరుగుతుంది. తక్కువ తిరిగింది గనుక తక్కువ అరిగి ఉంటుంది. తక్కువ అరిగింది గనుక ఎక్కువ కాలం మన్నుతుంది. ఈ వాదంలో నాకు దోషమేమీ కనబడలేదు.

అక్కయ్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తలెత్తకుండా అడిగింది: "మరి పదహారేళ్ళూ ఆ బండి ఏం చేసిందిట?"

మా ఇద్దరి దగ్గరా సమాధానం లేదు.

"నా పెళ్ళినాటి కంచిపట్టుచీర ఉందిగా" అన్నది మళ్ళీ. "మహా అయితే నాలుగుసార్లు కట్టి ఉంటాను. భద్రంగా దాచాను. మొన్న తీసి చూస్తే మడత మడతకూ చీలింది. పెళ్ళికీ పేరంటానికీ కడుతూ వచ్చిన గద్వాల చీర ఇప్పటికీ చెక్కుచెదరలేదు."

"చీరకూ బండికీ పోలికేమిటే!" అన్నారు బావగారు. అయినా మర్నాడు ముగ్గురమూ బయలుదేరాం.

గంటన్నర ప్రయాణం. చిన్న ఊరు, ఊరి చివర ఇల్లు, పెరట్లో మేపుల్ చెట్టు కింద బండి. అమ్మే ఆవిడకు ఎనభై ఏళ్ళుంటాయి. పేరు చెప్పడం మర్యాద కాదు. బండిమీది గుడ్డ తొలగించేసరికి నిజంగానే తళతళలాడింది. బావగారి మొహం అంతకంటే తళతళలాడింది.

ఇట్లాంటి బళ్ళను పరీక్ష చేసి చెప్పే వృత్తివాళ్ళు అక్కడ ఉన్నారు. డాక్టరులాగే ఫీజు తీసుకుంటారు, డాక్టరులాగే మొహంలో ఏ భావమూ కనబడనివ్వరు. బావగారు పిలిపించిన మనిషి మైళ్ళ మీటరు వంక చూడనైనా చూడలేదు. వస్తూనే మోకాళ్ళమీద కూర్చుని టైరు పక్కన చెక్కిన అంకెలు చదివాడు. 2208. అంటే 2008వ సంవత్సరం ఇరవైరెండో వారంలో పుట్టిన టైరన్నమాట. వెనక జతలతో కలిపి ఆరు టైర్లు. ఆరింటిదీ అదే జాతకం. గాడులు ఇంచుమించు కొత్తవే. కాని పక్కలు చూస్తే వేసవిలో చెరువు మట్టిలాగా సన్నటి పగుళ్ళు. రబ్బరు తిరుగుడుకే కాదు, ఎండకూ గాలికీ కూడా ముసలిదవుతుంది. ఎంత తక్కువ తిరిగినా ఆరు నుంచి పదేళ్ళలోపు మార్చాలని చెబుతారు. ఇంజను బెల్టులూ, గొట్టాలూ అదే బాపతు. బ్రేకు ద్రవం సంగతి సరేసరి. కూర్చున్నచోటే గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

తరువాత జనరేటరు దగ్గరకు వెళ్ళాడు. దానికి వేరే గడియారం ఉంటుంది. ఎన్ని గంటలు నడిచిందో చూపిస్తుంది. ఇది రెండో సాక్షి అన్నమాట. మైళ్ళ మీటరు తక్కువ చూపించి, జనరేటరు వేల గంటలు చూపిస్తే ఎక్కడో తేడా ఉందని అనుమానించాలి. మైళ్ళ మీటరును వెనక్కు తిప్పడం అమెరికాలో 1972 చట్టం ప్రకారం నేరమే. అమ్మేటప్పుడు మైళ్ళెన్నో రాసి సంతకం చెయ్యాలి కూడా. కాని 2010, అంతకు ముందు మోడళ్ళకు ఆ రాత అక్కరలేదు. అంచేత పాత బండి కొనేవాడు మీటరును ఒక్కదాన్నే నమ్మక, సర్వీసు చేయించిన రసీదులమీద తేదీ తేదీకీ రాసిన మైళ్ళు చూసుకోవాలి. ఈమాట అమెరికాకే కాదు, మన ఊళ్ళో కారు కొనేవారికీ వర్తిస్తుంది.

మా సాక్షి 41 గంటలని చెప్పింది. అంటే ఆవిడ మాటలో అబద్ధం లేదు. బండి నిజంగానే తిరగలేదు. కాని జనరేటరు ఎంత నొక్కినా లేవలేదు. నెలకొకసారి, ఏసీ వంటిది వేసి, గంటా రెండు గంటలు నడపాలిట. లేకపోతే లోపలి పెట్రోలు జిగురై దారులు మూసుకుంటుంది.

ఈలోగా అక్కయ్య లోపలికి వెళ్ళింది. మగవాళ్ళం బండిని చూస్తుంటే ఆవిడ ఇంటిని చూసింది. వాసన చూసింది. సింకు కింద తలుపు తీసింది. పరుపు మూల ఎత్తింది. మంచం తలవైపు అల్మారాలో చెయ్యిపెట్టి గోడ నొక్కి, "ఒరేయ్ తమ్ముడూ, ఇటు రా. ఇది నానిన అప్పడంలా వంగుతోందేమిటి?" అన్నది.

పరీక్షచేసే మనిషి వచ్చి తేమ కొలిచే పరికరం అక్కడ ఆనించాడు. అది గోలపెట్టింది. పైకి నిచ్చెన వేసుకుని చూస్తే కప్పు అతుకుల దగ్గర పూసిన లప్పం ఎండి పగిలింది. ఏటా చూసి పూసుకోవలసిన పూత అది. ఆ పగుళ్ళలోనుంచి వాననీరూ, కరిగిన మంచూ ఏళ్ళతరబడి లోపలికి దిగి గోడలోని కొయ్యచట్రాన్ని తినేశాయి. బయటి ఫైబరు పలక చట్రంనుంచి విడి, ఏటవాలుగా చూస్తే పొక్కులా లేచి ఉంది. వెనక అరలో ఎలుకలు కాపురం చేసిన గుర్తులు కూడా కనబడ్డాయి. పైన పటారం, లోన లొటారం అంటారే, అదే.

బావగారు మాట్లాడలేదు. వంటగట్టు పక్కన గోడకు అంటించిన అమెరికా పటం ముందు నిలబడిపోయారు. బళ్ళవాళ్ళకు అదొక ముచ్చట. వెళ్ళివచ్చిన రాష్ట్రానికల్లా రంగు బిళ్ళ అంటిస్తారు. ఆ పటంలో నాలుగే బిళ్ళలున్నాయి. మిగతాదంతా తెలుపు. మిగిలిన బిళ్ళలు ఒక కవరులో, కింద సొరుగులో, అట్లాగే ఉన్నాయి.

ఆవిడ మాకు నిమ్మరసం ఇచ్చి తానే చెప్పింది. భర్త బడిపంతులు. రిటైరైన ఏడే ఇది కొన్నాడు. మూడు ప్రయాణాలు చేశారు. తరువాత ఆయనకు జబ్బుచేసింది. బాగయ్యాక వెళదామనుకుంటూ నాలుగేళ్ళు గడిచాయి. ఆయన పోయాడు. "నాకు నడపడం రాదు. ఆయన ఉన్నప్పుడు నేర్చుకోలేదు. అమ్మడానికి చేతులు రాలేదు" అన్నది. గోడ సంగతి విని కాసేపు ఊరుకుని, "నాకు తెలియదు. నా మొహం చూసి మాత్రం కొనకండి" అన్నది. ఎంత గొప్పమాట! నలభైవేల డాలర్ల బేరం ముందు పెట్టుకుని ఆ మాట అనగలవాళ్ళు ఎందరున్నారు?

అక్కయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నది.

తిరుగుప్రయాణంలో కారులో ఎవరమూ పలకలేదు. బావగారు ఓడిపోయినవాడిలా నడుపుతున్నారు. ఇక ఈ ప్రస్తావన ముగిసినట్టేననీ, అక్కయ్య గెలిచినట్టేననీ నేను అనుకుంటున్నాను. ఊరు దగ్గర పడుతుండగా అక్కయ్య అన్నది:

"ఏమండీ, మొన్న ఇంకో బండి చూసి, బాగా తిరిగిందని వదిలేశారే, అది ఉందేమో అడగండి."

బావగారు కారు పక్కకు తీసి ఆపేశారు. "నిజంగా అంటున్నావా?"

"ఒక్క షరతు. నాకు కూడా నడపడం నేర్పాలి. ఆవిడలాగా నేను పెరట్లో బండిని చూస్తూ కూర్చోలేను."

ఆ రెండో బండి 61,000 మైళ్ళు తిరిగింది. నేల అక్కడక్కడ గీసుకుపోయింది, అల్మారా పిడి ఒకటి మార్చారు. కాని అమ్మే దంపతులు ఇంత లావు ఫైలు తెచ్చి ముందు పెట్టారు. ఏ ఏడు కప్పుకు పూత వేశారో, ఎప్పుడు టైర్లు మార్చారో, ఏ చలికాలం గొట్టాల్లో నీళ్ళు తీసి గడ్డకట్టని మందు పోశారో, అన్నింటికీ రసీదులున్నాయి. జనరేటరు మీట నొక్కగానే లేచింది. అక్కయ్య అన్ని మూలలా నొక్కి, వాసన చూసి, తలూపింది. గోడమీది పటంలో తెల్లగా ఉన్నవి ఏడెనిమిది రాష్ట్రాలు. ధర కూడా మొదటిదానికంటే నాలుగువేలు తక్కువ.

నేను జూన్‌లో కాలేజీ తెరిచేసరికి తిరిగివచ్చాను. సెప్టెంబరులో ఫోను వచ్చింది. ఎల్లోస్టోన్ నుంచి. కొలంబస్ నుంచి అక్కడికి 1,700 మైళ్ళ పైమాటే. దారిలో నీళ్ళ పంపు చెడితే బావగారు బాగుచేశారుట. సగం దారి అక్కయ్యే నడిపిందిట. "గంటన్నరకో మాటు ఇక్కడ భూమిలోంచి వేణ్ణీళ్ళు ఎగజిమ్ముతాయిరా. మీ బావగారు మూడోసారి చూడ్డానికి కూర్చున్నారు. భోజనానికి పిలిస్తే రావడంలేదు" అని ఫిర్యాదు చేసింది. అంత సంతోషంగా ఫిర్యాదు చెయ్యడం నేను వినలేదు.

ఇంట్లో ఈ కథంతా చెబితే మా ఆవిడ విని ఊరుకుంది. మర్నాడు కాలేజీనుంచి వచ్చేసరికి బీరువామీదినుంచి వీణ దింపి, గలీబు తీసి, చాపమీద పెట్టి కూర్చుని ఉంది. పైకి కొత్తదానిలాగే ఉంది. రెండు తీగెలు తుప్పుపట్టాయి. మెట్లు నిలిపిన మైనం ఎండి ఊడిపోయింది.

వీణలు బాగుచేసే ఆయన్ని పిలిపించాం. అంతా పరికించి, "ఎన్నాళ్ళు వాయించారమ్మా?" అని అడిగాడు.

"ఆరేళ్ళు."

"ఎన్నాళ్ళు దాచారు?"

"పద్నాలుగేళ్ళు."

ఆయన సంచీ విప్పుతూ, "వాయించినదానికి ఖర్చేమీ లేదండి. దాచినదానికే" అన్నాడు.