అద్దె ఇల్లు – సొంత పనిముట్లు

శామీర్‌పేట పరిసరాలలో ఒకవైపు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, మరొకవైపు 2008లో ప్రారంభమైన బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణం ఉన్నాయి. మేడ్చల్ చుట్టుపక్కల అనేక ఇంజినీరింగ్ కళాశాలలు వెలిశాయి. చట్టమూ, సాంకేతిక విద్యా ఇరుగుపొరుగుగా వర్ధిల్లే ఈ ప్రాంతంలో ప్రతి విద్యార్థీ వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: తాను వాడే సాఫ్ట్‌వేర్‌పై తనకున్న హక్కు ఏమిటి?

విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టం ఒక సంస్థ సొత్తు. కొన్నవారికి లభించేది వాడుకొనే అనుమతి మాత్రమే. దానిపై నడిచే ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ను కొనలేక ఎందరో విద్యార్థులు దొంగ ప్రతులను ఆశ్రయిస్తున్నారు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 1994 సవరణ ద్వారా చేరిన 63బి సెక్షన్ ప్రకారం, తెలిసి అటువంటి ప్రతిని వాడడం జైలుశిక్షకు తగిన నేరం. పేదరికం ఈ తప్పుకు కారణం కావచ్చు గాని సమర్థన కాజాలదు. ఎందుకంటే న్యాయమైన మార్గం చేతికందేంత దూరంలోనే ఉంది.

ఆ మార్గమే ఓపెన్ సోర్స్. ఇందులో ప్రోగ్రాము మూలసంకేతాన్ని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, ఇతరులకు పంచవచ్చు. వ్యాసరచనకు, లెక్కల పట్టికలకు లిబ్రే ఆఫీస్, చిత్రాలను తీర్చిదిద్దడానికి గింప్, దృశ్యశ్రవణాలకు వీఎల్‌సీ ఉన్నాయి. ఇవన్నీ విండోస్‌పైనా చక్కగా పనిచేస్తాయి. గింప్‌కు 1995లో శ్రీకారం చుట్టినవారు అమెరికాలోని బర్కిలీ విద్యార్థులు ఇద్దరు. వీఎల్‌సీ పారిస్ విద్యార్థుల కృషితో రూపుదిద్దుకొన్నది. విద్యార్థులు నిర్మించి లోకానికి ధారపోసిన సాధనాలుండగా దొంగ ప్రతుల కోసం వెతకడం చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతకడమే.

ఆపరేటింగ్ సిస్టమే పరాధీనమైనప్పుడు పైన నడిచే సాఫ్ట్‌వేర్‌కు స్వేచ్ఛ ఉండి ప్రయోజనమేమని కొందరు ఆక్షేపిస్తారు. ఈ ఆక్షేపణలో సత్యం లేకపోలేదు. అయితే అద్దె ఇంట్లో ఉన్నవాడికి సొంత పనిముట్లుంటే, ఇల్లు మారవలసి వచ్చినా పని ఆగదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. కొత్త విండోస్‌ను మోయలేని పాత కంప్యూటర్లపై లినక్స్‌ను స్థాపించుకోవచ్చు. లిబ్రే ఆఫీస్‌కు అలవాటుపడినవారికి అక్కడా అదే సాధనం, అవే ఫైళ్లు లభిస్తాయి. లిబ్రే ఆఫీస్ వాడే ఓపెన్ డాక్యుమెంట్ రూపం 2006లోనే అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందింది.

కనుక విద్యార్థి విండోస్‌ను విడిచిన నాడే స్వేచ్ఛ మొదలవుతుందని ఎదురుచూడనక్కరలేదు. దొంగ ప్రతిని తొలగించి, దాని స్థానంలో ఒక ఓపెన్ సోర్స్ సాధనాన్ని నిలిపిన నాడే అది మొదలవుతుంది. అప్పుడు చేతిలోని పనిముట్టుతోపాటు మనసూ నిర్మలంగా ఉంటుంది.